తీసివేతల పిల్ల

ఏ ధర చెప్పినా "అందులో ఏమేం ఉన్నాయో విడదీసి చెప్పండి" అని అడిగి, తనకు అక్కర్లేనివన్నీ తీసేయించి, మిగిలినదానికే డబ్బిచ్చే మనిషిని మీరు చూశారో లేదో నాకు తెలియదు. నేను చూశాను. చూడటమేమిటి, నాలుగేళ్ళు మా మేడమీది గదిలో పెట్టుకున్నాను. ఆ పిల్ల పిసినారి అని వీధి వీధంతా అంది. నేనూ అన్నాను, అందరికంటే గట్టిగా అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకునేది లేదు. కాకపోతే దానికి కొంచెం తోక తగిలించాలి, అందుకే ఇదంతా.

మొదట చూసింది పళ్ళ డాక్టర్ల కాలేజీలో, ఫీజులు కట్టే కిటికీ దగ్గర. ఆ కాలేజీ తెల్లకోట్లు ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చేది నేను. నెలాఖరున నా బిల్లు కోసం ఆ కిటికీ పక్కన బల్లమీద కూర్చుంటాను. ఫీజుల గుమస్తా నన్ను చూడగానే ఏదో వెతుకుతున్నట్టు నటిస్తాడు. నేను గొంతు సవరించుకుంటాను. వెంటనే బిల్లు దొరుకుతుంది. నా నోరంటే ఆ భవనంలో ఉన్న భయం అలాంటిది.

ఆ రోజు కిటికీ ముందు చాంతాడంత వరుస. వరుస మొదట్లో ఈ పిల్ల, పక్కన తాడుతో కట్టిన సూట్‌కేసు. బయటి దేశం నుంచి చదువుకోవడానికి వచ్చింది. బయటి దేశం పిల్లలకు అక్కడ ఫీజు మూడింతలు. గుమస్తా కాగితం తోశాడు. పిల్ల దాన్ని తిరగేసి, మరగేసి, మళ్ళీ వెనక్కి తోసింది.

"ఒకే అంకె వేశారు. విడదీసి ఇవ్వండి."

అలా ఇవ్వడం కుదరదని గుమస్తా అన్నాడు. అయితే కట్టనని పిల్ల అంది. వెనక నిలబడ్డవాళ్ళు గొణిగారు. గుమస్తా విసుక్కుంటూ ఒక్కొక్కటే రాసి చూపించాడు. పిల్ల వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఈతకొలను నిర్వహణ ఖర్చు ఎందుకంది. కొలను ఉంది కాబట్టి అన్నాడు. చూపించమంది. ఇంకా తవ్వలేదన్నాడు. తవ్వని కొలనును ఎలా నిర్వహిస్తున్నారో చెబితే తన దేశంలో కూడా చెబుతానంది. గుమస్తా కొలను కొట్టేశాడు. పూర్వ విద్యార్థుల సంఘం చందా దగ్గరకు వచ్చింది. "నేనింకా విద్యార్థినే కాలేదు, అప్పుడే పూర్వం ఎలా అయ్యాను?" అంది. అదీ కొట్టేశాడు. ఆఖరున ఒకటి మిగిలింది, విదేశీ విద్యార్థుల స్వాగత రుసుము.

"ఇది మాత్రం కట్టాలి. అందరూ కడతారు" అన్నాడు గుమస్తా.

"తప్పకుండా కడతాను. స్వాగతం చెప్పండి."

"అంటే?"

"డబ్బు తీసుకుంటున్నారు కదా. లేచి నిలబడి, రా తల్లీ అని ఒక్క మాట అనండి. ఇప్పుడే కట్టేస్తాను."

గుమస్తా ముఖం మాడిపోయింది. కుర్చీలోంచి లేవడం ఆయన వంశంలో లేదు. వెనక నుంచి ఎవరో "లేచి చెప్పెయ్యండి సార్, మాకు ఆకలేస్తోంది" అన్నారు. ఆయన పెన్ను తీసుకుని స్వాగతాన్ని అడ్డంగా కొట్టేశాడు.

నాకు నవ్వాగలేదు. ఆ కిటికీ దగ్గర అతని మీద గెలిచినదాన్ని అప్పటివరకు నేనొక్కదాన్నే. పగలబడి నవ్వాను, బల్ల ఊగేటట్టు. పిల్ల తల తిప్పి నావైపు ఒక్కసారి చూసింది. నేను టక్కున పెదవులు మూశాను. అంతే ఆ రోజు జరిగింది. ఆ ఒక్క చూపు గుర్తుపెట్టుకోండి.

బయటికి వస్తుంటే నా వెనకాలే వచ్చింది. గదులేమైనా అద్దెకు ఉన్నాయా మామ్మగారూ అని అడిగింది. ఉంది, మేడమీద, అద్దె ఇంత అని చెప్పాను. చెప్పాక గుర్తొచ్చింది ఎవరితో మాట్లాడుతున్నానో.

గది చూసింది. మంచం తీసేయమంది, కింద పడుకుంటుందట. అద్దం తీసేయమంది, ముఖం ఎలా ఉందో తనకు తెలుసునట. కిటికీ తెర తీసేయమంది. తెర లేకపోతే ఎదురింటివాళ్ళు చూస్తారన్నాను. చదువుకుంటూ కూర్చున్నదాన్ని ఎంతసేపు చూస్తారు, విసుగొచ్చి వాళ్ళే తెర వేసుకుంటారంది. నిజంగానే వారం తిరక్కుండా ఎదురింటి కిటికీకి కొత్త తెర వచ్చింది.

"ఇంక మిగిలింది నాలుగు గోడలు, నా మాటలు" అన్నాను కోపంగా.

"మీ మాటలకు కూడా అద్దెలో ఏమైనా కలిపారా?"

"వాటికి ఎవరూ ఇంతవరకు డబ్బివ్వలేదు. ఊరికే వస్తాయి."

"అయితే ఉండనివ్వండి" అంది.

తాళంచెవి ఇచ్చాను.

మా వీధి దుకాణాలన్నిటికీ ఆ పిల్ల చుక్కలు చూపించింది. పొద్దున్నే టీ కొట్టుకు సొంత కప్పు పట్టుకుని పోయేది. కప్పు కడిగే ఖర్చు తీసేయమనేది, కూర్చునే బల్ల ఖర్చు తీసేయమనేది, చక్కెర తీసేయమనేది. టీ కొట్టాయన ఒక రోజు చేతులు జోడించి, "అమ్మా, నీకు టీ ఊరికే ఇస్తాను, లెక్క మాత్రం అడగకు" అన్నాడు. ఊరికే వద్దంది. ఊరికే ఇచ్చేదాంట్లో ఏముందో విడదీయడం కుదరదు కదా, అందుకని.

జుట్టు కత్తిరించే ఆవిడ దగ్గర ఇంకో గొడవ. ధరలో తల కడగడం, కత్తిరించడం, ఆరబెట్టడం, కబుర్లు ఉన్నాయని ఆ మహాతల్లి నిజాయితీగా చెప్పింది. కబుర్లు తీసేస్తే ఎంత అని అడిగింది మా పిల్ల. ఆవిడ అలిగి నోరు మెదపకుండా కత్తిరించింది. చెవులు రెండూ బయటపడ్డాయి. ఇంటికొచ్చి, చూశారా మామ్మగారూ, కబుర్లు లేకపోతే ఎంత శ్రద్ధగా కత్తిరిస్తారో అని మురిసిపోయింది. అద్దం తీసేయించుకోవడం ఎంత మంచిదయిందో నాకప్పుడు అర్థమైంది.

ఉండటానికి అనుమతి కాగితం ఏటా మార్చుకోవాలి. దానికి ఫోటో కావాలి. ఫోటో స్టూడియోవాడు వెనక నీలం తెర వేశాడు. తెరకు ఎంత అని అడిగిందట. చివరికి మా దుకాణంలో ఆరేసిన తెల్లకోటు ముందు నిలబడి తీయించుకుంది. ఆ ఫోటోలో వెనక నుంచి ఒక చెయ్యి భుజంమీద వేసినట్టు ఉంటుంది. అది కోటు చెయ్యి. అనుమతి ఇచ్చే ఆఫీసులో ఈ చెయ్యి ఎవరిదని అడిగారట. ఈ దేశంలో నా భుజంమీద చెయ్యి వేసింది ఇదొక్కటే, ఉండనివ్వండి అందట. ముద్ర వేసేశారు.

డబ్బిచ్చేటప్పుడు తీసివేతలు చేసే మనిషి పుచ్చుకునేటప్పుడు ఏం చేస్తుందో చూడాలని నాకు సరదా వేసింది. ఆ అనుమతి కాగితం ప్రకారం వారానికి కొద్ది గంటలే పని చేయొచ్చు. ఆ కొద్ది గంటలూ నా దుకాణంలో ఇస్త్రీ చేయమన్నాను. కోటుకు ఇంత అన్నాను. పుచ్చుకునేటప్పుడు కూడా విడదీసింది. మడతకు కొంత, కాలరుకు కొంత, ఊడిన గుండీ కుడితే కొంత. కూడితే నేనన్నదానికంటే ఎక్కువ వచ్చింది.

"ఇదేం న్యాయమే? నీ తీసివేత ఎక్కడికి పోయింది?" అని అడిగాను.

"ఇటు నుంచి చూస్తే కూడికే మామ్మగారూ. లెక్క ఒకటే, నిలబడే చోటు వేరు."

ఇస్త్రీపెట్టె విసిరేద్దును, కరెంటు తీగ పొట్టిది.

ఇంత పీనాసితనం ఎందుకని ఒక రోజు నిలదీశాను. మీ ఇంట్లో తిండికి లేదా అన్నాను. ఉందంది. వాళ్ళమ్మ అక్కడ బస్సు నడుపుతుందట. నెలనెలా పంపిస్తుంది. ఆ డబ్బు అక్కడ నిండుగానే బయలుదేరుతుంది. బ్యాంకువాడు పంపినందుకు కొంత కొరుకుతాడు, ఇక్కడి బ్యాంకువాడు పుచ్చుకున్నందుకు కొంత కొరుకుతాడు, ఆ దేశం డబ్బు ఈ దేశం డబ్బు అయ్యేసరికి మధ్యలో ఇంకెవరో కొరుకుతారు. చేతికొచ్చేసరికి ఎలుక కొట్టిన చీరలా ఉంటుంది.

"దారి పొడుగునా అందరూ మా అమ్మ దగ్గర తీసేసుకుంటున్నారు. నన్నెవరూ అడగలేదు. ఇక్కడ నేను తీసేస్తే మాత్రం అందరికీ కోపం" అంది. గొంతులో ఏడుపు లేదు. కాలరు మీద ఇస్త్రీపెట్టె అదిమిపెట్టి అంది. నాకు నచ్చింది. ఏడ్చే పిల్లలకు నేను గది ఇవ్వను.

ఇక తిండి సంగతి. అద్దెతోపాటు రాత్రి భోజనం నేనే పెట్టేదాన్ని. నా వంట గట్టి వంట. రొట్టె కాలిస్తే గోడకు కొట్టినా విరగకూడదు, మాంసం ముక్క గుప్పెడంత ఉండాలి, పైన వేయించిన గింజలు చల్లాలి. నా చిన్నప్పటి నుంచి అలాగే. పిల్ల వచ్చేనాటికి నాకు రాత్రుళ్ళు కడుపులో రాళ్ళు పెట్టినట్టు ఉండి, మేడమీదికి వినిపించేలా మూలిగేదాన్ని. ఒక డాక్టరు దగ్గరకు వెళితే నమలకుండా మింగుతున్నారా అని అడిగాడు. ఆ డాక్టరు దగ్గరకు మళ్ళీ వెళ్ళలేదు.

పిల్ల వచ్చిన మొదటి నెలలోనే కంచం ముందు పెట్టుకుని, "భోజనంలో ఏమేం ఉన్నాయో విడదీయండి" అంది. నాకు ఒళ్ళు మండింది. గింజలు తీసేస్తే ఎంత, రొట్టె అంచులు తీసేస్తే ఎంత, వేపుడు తీసేసి ఉడకబెడితే ఎంత, మాంసం ముక్కలుగా కాకుండా మెత్తగా నూరి వేస్తే ఎంత అని అడిగింది. నూరితే శ్రమ పెరుగుతుంది కదే, ధర ఎలా తగ్గుతుందన్నాను. నమిలే శ్రమ తగ్గుతుంది, ఆ కాసేపు చదువుకుంటాను, నూరడం నేనే నూరతాను అంది. నూరింది కూడా.

ఒక్క మనిషికోసం రెండు కుండలు పొయ్యిమీద పెట్టడం నావల్ల కాదు. నోరారా తిట్టి, తనకు వండిన ఆ ముద్దకూరే నేనూ తిన్నాను. పిసినారి పిల్ల పుణ్యమా అని గంజిలా తాగుతున్నాను చూడండి అని వీధిలో అందరికీ చెప్పాను. టీ కొట్టాయన జాలిపడ్డాడు. ఆ ఏడాది నా కడుపునొప్పి ఎటు పోయిందో పోయింది. జాకెట్లు బిగుతయ్యాయి. అది వేరే సంగతనుకున్నాను.

అలా చివరి ఏడాది వచ్చింది. అసలు గొడవ ఇక్కడ మొదలైంది.

పళ్ళ డాక్టరు అవ్వాలంటే పుస్తకం చదివితే చాలదు. ఆఖరి పరీక్షలో మనిషి నోరు కావాలి. ఎవరి నోరు వాళ్ళే తెచ్చుకోవాలి. గంట కొట్టేసరికి కుర్చీలో మనిషి ఉంటే పరీక్ష, లేకపోతే ఫెయిలు. ఆ నోరు కూడా ఎలాంటిదంటే అలాంటిది పనికిరాదు. పైన ముందరి పళ్ళు ఉండాలి, కింద రెండువైపులా దవడ ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీకి అచ్చు తీయాలి, తర్వాత ఆ అచ్చుకు పళ్ళు చేసి పెట్టాలి. ఈ వివరమంతా పిల్ల నా ఇస్త్రీబల్ల పక్కన నిలబడి చెప్పింది. వింటూ వింటూ ఒక కోటు వీపు మాడ్చేశాను.

ఈ ఊరి పిల్లలకు నోళ్ళకు కొదవ లేదు. మేనత్తలు, తాతలు, పెదనాన్నలు బారులు తీరి వచ్చేస్తారు. ఒకడైతే ఇద్దరు నాయనమ్మల్ని తెచ్చి, ఏది బాగుంటే అది తీసుకుంటానన్నాడు. ఈ పిల్లకు ఈ దేశంలో చుట్టమన్నవాళ్ళే లేరు. బయటి దేశం చదువుకు ఖర్చు వేసుకునేటప్పుడు ఫీజు రాసుకుంటారు, గది రాసుకుంటారు, పుస్తకాలు రాసుకుంటారు. నోటి ఖర్చు ఎవరు రాసుకుంటారు? పరీక్ష తప్పితే ఇంకో ఏడాది మూడింతల ఫీజు కట్టాలి. వాళ్ళమ్మ బస్సు నిద్రపోకుండా నడిపినా ఆ డబ్బు రాదు. పట్టా లేకుండా ఆ సూట్‌కేసుకే మళ్ళీ తాడు కట్టుకుని పోవాలి.

అలాంటి చుట్టాల్లేని పిల్లలకోసం కాలేజీ గేటు దగ్గర ఒకాయన ఉండేవాడు. నోళ్ళ మేస్త్రి అనేవాళ్ళం. కూలీలను పంపించే మేస్త్రుల్లాగే ఆయన నోళ్ళు పంపిస్తాడు. ముందు పళ్ళు ఊడినదానికి ఒక రేటు, దవడ ఖాళీ అయినదానికి ఒక రేటు, బొత్తిగా ఏమీ లేనిదానికి ఒక రేటు. పిల్లను నేనే తీసుకెళ్ళాను, మేస్త్రి మోసం చేస్తే నాలుగు పెట్టొచ్చని. కాపలా ఉద్యోగం మానేసిన ఒక ముసలాయన్ను చూపించి ధర చెప్పాడు.

"విడదీసి చెప్పండి" అంది పిల్ల.

మేస్త్రి తల గోక్కున్నాడు. ఆయన జన్మలో ఎవరూ అడగలేదు. రావడానికి బస్సు ఛార్జీ, మధ్యలో టిఫిను, నోరు తెరిచినందుకు, తెరిచి ఉంచినందుకు, తన కమీషను, ముందుగా పట్టి ఉంచడానికి బయానా అని వరసగా చెప్పాడు. బస్సు తీసేయండి, ఆయన ఇల్లు పక్క సందే అంది. టిఫిను తీసేయండి, అచ్చు తీసేముందు తినకూడదంది. బయానా తీసేయండి, పని అయ్యాక మొత్తం ఇస్తానంది. మేస్త్రి నావైపు చూశాడు, ఈ పిల్ల ఎక్కడ దొరికింది మీకు అన్నట్టు. సరేనన్నాడు.

నేను ఒక్క మాట మాట్లాడలేదు. నేను మాట్లాడకుండా ఉన్న ఘట్టాలు తక్కువ కాబట్టి కారణం చెప్పాలి.

నా నోట్లో పైన ముందరి పళ్ళు కొట్టు బయటి బోర్డులాగా నిలబడి ఉన్నాయి. లోపలికి వెళితే కొట్లో సరుకు లేదు. కింద రెండువైపులా ఖాళీ. ఎన్నో ఏళ్ళుగా అంతే. వీధిలో ఎవరికీ తెలియదు, తెలియనివ్వలేదు. పెదవులు కలిపి నవ్వుతాను. ఆవిడకు గర్వం, పళ్ళు కూడా కనిపించనివ్వదు అన్నారు. అననిచ్చాను. పళ్ళ డాక్టర్ల కోట్లు ఉతికి బతికే మనిషి నోట్లో పళ్ళు లేవని తెలిస్తే ఆ గుమస్తా నా బిల్లు జన్మలో వెతకడు. నా నోటికి ఉన్న విలువంతా ఇతరులకున్న భయం వల్లే వచ్చింది, ఆ భయం పోగొట్టుకోవడానికి నేను సిద్ధంగా లేను.

అయినా ఒక చిత్రం చూడండి. ఈ పిల్ల నన్ను అడుగుతుందేమోనని ఎదురుచూశాను. అడిగితే కాదని చెప్పడానికి మాటలు కూడా పేర్చి పెట్టుకున్నాను, మంచి మంచి మాటలు. అడగలేదు. ఖాళీ నోటికోసం ఊరంతా తిరిగింది, మేస్త్రితో బేరమాడింది, నన్ను మాత్రం అడగలేదు. కాదనే అవకాశం కూడా ఇవ్వలేదని నాకు మంటెత్తిపోయింది.

పరీక్ష రోజు పొద్దున్నే ఉతికిన కోట్ల మూట ఎత్తుకుని కాలేజీకి వెళ్ళాను. వరండాలో బల్లలమీద పిల్లలూ వాళ్ళ చుట్టాలూ కూర్చుని ఉన్నారు. తాతలు, అత్తలు, ఇద్దరు నాయనమ్మలు. అందరి ముఖాల్లోనూ కోతకు తెచ్చిన మేకల చూపు. మా పిల్ల ఒక చివర నిలబడి గేటువైపు చూస్తోంది. చేతిలో వేయించిన గింజల పొట్లం. ఒక్కొక్కటే నోట్లో వేసుకుని నములుతోంది. ఆ చప్పుడు నాకు వినిపిస్తోంది, రోలులో రాయి నూరుతున్నట్టు. పెంకుతో ఉన్న కాయ ఒకటి పొట్లంలో దొరికితే దవడకింద పెట్టి టప్పున పగలగొట్టింది.

పక్కనున్న స్నేహితురాలు నాతో అంది, "చూడండి మామ్మగారూ, దీనికి భయమేస్తే ఇంతే. క్లాసులో కూడా కటకటా నములుతూనే ఉంటుంది. మెత్తటి తిండి పెడితే ముట్టదు."

మూట కింద పెట్టాను.

మెత్తటి తిండి ముట్టదట. నాలుగేళ్ళుగా నా వంటింట్లో రాత్రి రాత్రీ కూర్చుని ముద్దకూర తిన్న మనిషి. రొట్టె అంచులు తీసేయించిన మనిషి. గింజలు తీసేస్తే ఎంత తగ్గుతుందని నన్ను పీక్కుతిన్న మనిషి.

అంతలో మేస్త్రి వచ్చాడు, ఒక్కడే. కాపలా ముసలాయన్ను ఇంకో కుర్రవాడు ఎక్కువిచ్చి లోపలికి తీసుకుపోయాడట. పిల్ల ముఖం ఆరేసిన కోటులా అయిపోయింది. మాటిచ్చారు కదా అంది.

"ఇచ్చానమ్మా. మాట నిలబెట్టేది బయానా. అది నువ్వే తీసేయించావు" అన్నాడు మేస్త్రి. తప్పు నాది కాదన్నట్టు చేతులు చూపించాడు. ఒక్క తీసివేత ఎక్కువైంది. గంట కొట్టడానికి ఎంతోసేపు లేదు. ఆ గంటకు కుర్చీ ఖాళీగా ఉంటే నాలుగేళ్ళ తీసివేతలు, వాళ్ళమ్మ బస్సు, అన్నీ పోయినట్టే.

పిల్ల గోడకు చేరబడింది. నన్ను చూసింది. అప్పుడైనా అడుగుతుందనుకున్నాను. చూపు తిప్పుకుంది.

"ఏమే, నా నోటికేం తెగులు? ఎందుకడగవు?" అన్నాను.

వరండాలో అందరూ వినేలాగే అన్నాను. ఆ క్షణంలో నాకు వేరే గొంతు దొరకలేదు.

"మీ నోటి సంగతి నాకేం తెలుసు మామ్మగారూ?" అంది పిల్ల, ఇంకా కప్పిపుచ్చుతూ.

"గింజల పొట్లం జేబులో దాచుకుని అబద్ధాలాడకు. ఎప్పటి నుంచి తెలుసు?"

పొట్లాన్ని జేబులో ఇంకా లోపలికి తోసింది. "మొదటి రోజే. ఫీజుల కిటికీ దగ్గర మీరు నవ్వారు కదా."

"మరి ఎందుకు అడగలేదు?"

"అడిగితే మీరు కాదంటారు. నాకు తెలుసన్న సంగతి మీకు తెలిసిపోతుంది. ఆ రాత్రి నుంచి పంతం పట్టి మళ్ళీ గోడకు కొట్టే రొట్టె కాల్చుకుని మింగుతారు." కళ్ళు తుడుచుకుని మళ్ళీ అంది, "నోరు డబ్బిస్తే దొరుకుతుందనుకున్నాను. మీ కడుపునొప్పి పోవడానికి నాకు ఇంకో దారి తెలియలేదు."

నన్ను అంత బాగా చదివిన మనిషి పళ్ళ పరీక్షలో తప్పితే నేను ఊరుకునేదాన్ని కాదు. పైగా నాకు కోపం కూడా వచ్చింది. నాలుగేళ్ళు నన్ను నా కుండతోనే మోసం చేసింది. ఆ లెక్క తేల్చుకోవాలి.

"నా నోరు ఊరికే రాదు. ఒక నెల అద్దె అదనంగా అవుతుంది" అన్నాను.

అలవాటు ఎక్కడికి పోతుంది? ముక్కు ఎగబీలుస్తూనే, "విడదీసి చెప్పండి" అంది.

"కోట్ల పని వదిలి వచ్చినందుకు కొంత. కుర్చీలో కూర్చున్నందుకు కొంత. తెరిచినందుకు కొంత. ఆ తెరిచినదాన్ని నలుగురూ చూస్తున్నందుకు మిగతా అంతా."

పిల్ల ఆలోచించింది. గంట కొట్టబోతుంటే కూడా ఆలోచించింది చూడండి.

"కోట్ల పని తీసేయండి, సాయంత్రం నేనే పంచుతాను. కూర్చోవడం తీసేయండి, మీకు మోకాళ్ళ నొప్పులు, కూర్చుంటే మీకే లాభం. తెరవడం తీసేయండి, రోజూ తెరుస్తూనే ఉంటారు." ముక్కు తుడుచుకుంది. "ఆఖరిది మాత్రం నేను తీసేయలేను మామ్మగారూ. దాని ఖరీదు నా దగ్గర లేదు."

నాలుగేళ్ళలో ఆ పిల్ల తీసేయకుండా వదిలేసింది అదొక్కటే.

"అయితే దాన్ని నేనే తీసేస్తున్నాను. పద" అన్నాను.

లోపలికి నడిచాను. ఎవరికి భయపడి? వరండాలో కూర్చున్న తాతలూ అత్తలూ నన్ను చూస్తున్నారు. ఫీజుల గుమస్తా ఏదో కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు, జన్మలో కుర్చీ వదలని మనిషి అప్పుడే వదలాలా? నన్ను చూసి, మీరిటు ఎందుకొచ్చారన్నాడు. నా నోరు చూపించడానికి వచ్చాను, కావాలంటే మీరూ రండి, చూసే రుసుము తర్వాత మాట్లాడుకుందాం అన్నాను. పక్కకు తప్పుకున్నాడు. ఇప్పటికీ నన్ను చూస్తే బిల్లు వెతుకుతాడు. ఇదివరకటి కంటే తొందరగా వెతుకుతాడు.

ముందే చెప్పేస్తాను, మీ చేత ఊపిరి ఉగ్గబట్టించడం నాకిష్టం లేదు. పిల్ల పరీక్ష పాసైంది. పళ్ళు కూడా చేసి పెట్టింది. వాటి సామాను ఖర్చు తన ఫీజులోనే ఉందట. నేను మళ్ళీ గట్టి రొట్టె కాలుస్తున్నాను. నిన్ననే టీ కొట్టాయన ముందు పెంకుకాయ ఒకటి పగలగొట్టి చూపించాను. పిల్లకు ఇప్పుడు కాలేజీ గేటు ఎదురుగానే సొంత ఆసుపత్రి గది ఉంది. ఎవరైనా వెళ్ళి పన్ను నొప్పికి ఎంతవుతుందని అడిగితే, వాళ్ళు అడక్కుండానే విడదీసి చెబుతుంది. చుట్టాల్లేని బయటి దేశం పిల్లలు పరీక్షకు నోరు కావాలని వస్తే, తన దగ్గరకు వచ్చిన ముసలివాళ్ళను బతిమాలి పంపుతుంది. మేస్త్రి వ్యాపారం దెబ్బతిని ఇప్పుడు గొడుగులు బాగుచేస్తున్నాడు.

ఇక ఆ పరీక్ష రోజుకు వస్తే, నేను కూర్చోగానే కుర్చీ వెనక్కి వాలింది. నా ముఖంమీద దీపం పడింది. పరీక్ష పెట్టే పెద్ద డాక్టరమ్మ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. నేను ఆవిడకు అన్నీ వివరంగా చెప్పడం మొదలుపెట్టాను. పిల్ల ఎంత బాగా చదువుతుందో, కాలరు ఎంత నున్నగా ఇస్త్రీ చేస్తుందో, కాలేజీలో తవ్వని ఈతకొలనుకు ఎంత వసూలు చేస్తున్నారో. డాక్టరమ్మ గడియారం చూసుకుంది. పుట్టినప్పటి నుంచి నన్ను నోరు మూసుకోమన్నవాళ్ళను చాలామందిని చూశాను, ఒక్కరి మాటా వినలేదు. ఆ పిల్ల చిన్న అద్దం చేతిలోకి తీసుకుంది. నా చెవి దగ్గరకు వంగి, మెల్లిగా అంది.

"మామ్మగారూ, నోరు తెరవండి. మాటలు తీసేసి."